గామా పహిల్వాను: బలం, కంచం



మన సంచికల్లో నాయకుల జీవితాలు, శాస్త్రవేత్తల జీవితాలు, సంఘ సంస్కర్తల జీవితాలు చదివాం. ఈసారి ఒక మల్లయోధుని జీవితం రాస్తున్నాను. దానికి కారణం ఉంది. ఇప్పుడు మన హాస్టల్‌లో ఏ గదికి వెళ్ళినా కానిస్టేబుల్ ఈవెంట్లకో, స్పోర్ట్స్ కోటా సెలెక్షన్లకో తయారయ్యే తమ్ముళ్ళు ఇద్దరు ముగ్గురు ఉంటున్నారు. రాత్రి స్టడీ అవర్ అయిపోయాక వాళ్ళ మధ్య నడిచే చర్చ ఒకటే. కండ పెరగాలంటే ఏం తినాలి? ఎంత తినాలి? ఏ డబ్బా కొనాలి? ఆ చర్చలో తప్పకుండా వచ్చే పేరు గామా. రోజుకు పది లీటర్ల పాలు తాగాడట, అరలీటరు నెయ్యి తిన్నాడట అని ఒకరు చెబితే మిగతావాళ్ళు నోరు తెరిచి వింటారు. ఆ తరువాత తమ కంచం వైపు చూసుకుని, మన వల్ల ఎక్కడవుతుందిలే అని నిట్టూరుస్తారు.

బలశాలిని చూస్తే మనం దారాసింగ్ అంటాం. ఆ దారాసింగ్‌కు ముందు తరం వాడు గామా. ఆయన ఏం తిన్నాడో అందరూ చెబుతారు. ఆ తిండి ఎవరు పెట్టారో, దానికి ఆయన ఎంత శ్రమ చేశాడో చెప్పేవాళ్ళు తక్కువ. నాకు మాత్రం ఆయన జీవితంలో అసలు తెలుసుకోవలసింది అదేననిపించింది.

తండ్రి లేని పిల్లవాడు

గామా అసలు పేరు గులాం మహమ్మద్ బక్ష్. 1878 మే 22న పంజాబులో అమృత్‌సర్ జిల్లా జబ్బోవాల్ గ్రామంలో పుట్టాడు. కాశ్మీరు నుంచి వచ్చిన ముస్లిం కుటుంబం వారిది. కుస్తీయే ఇంటి వృత్తి. తండ్రి అజీజ్ బక్ష్ కూడా పేరున్న పహిల్వానే. గామాకు ఆరేళ్ళు వచ్చేసరికి ఆయన చనిపోయాడు. తాత నూన్ పహిల్వాను పిల్లవాణ్ణి చేరదీశాడు. కొన్నాళ్ళకు ఆ తాత కూడా పోయాడు. అప్పుడు మేనమామ ఈదా పహిల్వాను ఆ బాధ్యత తన మీద వేసుకుని కుస్తీలో ఓనమాలు దిద్దించాడు.

1888లో జోధ్‌పూర్ మహారాజు ఒక పోటీ పెట్టాడు. ఎవరు ఎక్కువ బస్కీలు తీయగలరో చూడటమే ఆ పోటీ. దేశం నలుమూలల నుంచి నాలుగు వందల మందికి పైగా పహిల్వాన్లు వచ్చారు. వారి మధ్య పదేళ్ళ గామా కూడా నిలబడ్డాడు. పెద్ద పెద్ద పహిల్వాన్లు ఒక్కొక్కరే అలిసి కూలబడుతూ ఉంటే ఈ పిల్లవాడు చివరి పదిహేను మందిలో మిగిలాడు. వయసు చూసి మహారాజు అతన్నే విజేతగా ప్రకటించాడు.

ఆ పోటీ తరువాతే అతని జీవితం మలుపు తిరిగింది. దతియా సంస్థానం మహారాజు ఆ పిల్లవాణ్ణి తన ఆశ్రయంలోకి తీసుకున్నాడు. శిక్షణకు వస్తాదులు, అభ్యాసానికి గోదా, తినడానికి దర్బారు వంటశాల, అన్నీ ఏర్పాటయ్యాయి. తమ్ముళ్ళూ, ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. తండ్రి లేని ఒక పేద పిల్లవాడికి ఉండటానికి చోటు, తినడానికి తిండి, నేర్చుకోవడానికి గురువు ఒకే చోట దొరికాయి. మన భాషలో చెప్పాలంటే అతనికి హాస్టల్ సీటు దొరికింది.

ఆ తిండి లెక్క

గామా దినచర్య గురించి పుస్తకాల్లో చెప్పే మాటలివి. రోజూ తెల్లవారకముందే లేచేవాడు. గోదాలో నలభై మంది తోటి పహిల్వాన్లతో ఒకరి తరువాత ఒకరితో పట్లు పట్టేవాడు. రోజుకు 5000 బస్కీలు, 3000 దండీలు తీసేవాడు. చిన్నతనంలో ఆహారం ముఖ్యంగా పాలు, బాదం, పండ్లరసం. మాంసం కొన్నేళ్ళ తరువాత చేరింది. పెద్దయ్యాక పది లీటర్ల పాలు, అరలీటరు నెయ్యి, ఒకటిన్నర పౌన్ల బాదం ముద్ద, ఆరు నాటుకోళ్ళు అని లెక్క చెబుతారు. చెప్పేవారిని బట్టి ఈ అంకెలు మారుతూ ఉంటాయి.

మనం చదువుకున్నవాళ్ళం కాబట్టి ఒక్కసారి లెక్క వేసి చూద్దాం. ఆవుపాలు లీటరుకు సుమారు 650 కేలరీలు. పది లీటర్లంటే 6500. అరలీటరు నెయ్యి 4000 దాటుతుంది. ఒకటిన్నర పౌన్ల బాదం అంటే 680 గ్రాములు, దాదాపు 3900 కేలరీలు. కోళ్ళను పక్కన పెట్టినా మొత్తం 14,000 దాటింది. భారత వైద్య పరిశోధన మండలి 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం బరువు పనులు చేసే పురుషునికి రోజుకు కావలసింది సుమారు 3470 కేలరీలు. రోజంతా కొండలెక్కుతూ సైకిలు తొక్కే టూర్ డి ఫ్రాన్స్ పోటీదారులు కూడా దాదాపు ఆరు వేల కేలరీలు ఖర్చు చేస్తారు.

గామా రోజుకు ఏడు వేలు ఖర్చు చేశాడనుకుందాం. మరో ఏడు వేలు మిగులుతాయి. వంటిలో కిలో కొవ్వు చేరడానికి సుమారు 7700 కేలరీలు మిగిలితే చాలు. అంటే రోజుకు దాదాపు కిలో చొప్పున కొవ్వు పెరగాలి. ఆ లెక్కన నెల తిరిగేసరికి మనిషి గోదాలో అడుగు పెట్టలేడు. గామా ఎత్తు 5 అడుగుల 7 లేదా 8 అంగుళాలు, బరువు 90 కిలోల ప్రాంతంలో. ఏళ్ళ తరబడి ఆయన అదే గట్టి శరీరంతో ఉన్నాడు. కాబట్టి ఆ పెద్ద అంకెలు ఏటా 365 రోజుల తిండి అని నమ్మడానికి వీలు లేదు. అభిమానంతో చెప్పిన కథలు చెప్పిన కొద్దీ పెరుగుతాయి. బరోడా మ్యూజియంలో ఉన్న రాయి సంగతీ అంతే. అది 1200 కిలోలని, గామా దాన్ని ఎత్తాడని రాస్తారు. ఆధునిక పోటీల్లో మహా బలశాలురు ఇనుప కడ్డీకి బిళ్ళలు తగిలించి నేల మీంచి నడుము దాకా ఎత్తిన బరువు 500 కిలోలకు చేరిందే 2016లో.

దీనివల్ల గామా గొప్పతనం తగ్గదు. 5000 బస్కీల్లో ఒక్కోదానికి రెండు సెకన్లు వేసుకున్నా దాదాపు రెండు గంటల నలభై ఏడు నిమిషాలు పడుతుంది. పాటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ మ్యూజియంలో ఆయన మెడకు వేసుకుని బస్కీలు తీసిన చక్రం ఉంది. దాని బరువు 95 కిలోలు. అంత శ్రమ చేసే మనిషికి మామూలు తిండి చాలదు. ఆ శ్రమ చేయని మనిషి ఆ తిండి తింటే పొట్ట తప్ప ఏమీ రాదు. తిండి కండగా మారాలంటే మధ్యలో చెమట ఉండాలి.

లండన్ గోదాలో

1910లో శరత్ కుమార్ మిత్ర అనే బెంగాలీ ధనికుడు ఖర్చు పెట్టుకుని గామాను, ఆయన తమ్ముడు ఇమాం బక్ష్‌ను లండన్ తీసుకువెళ్ళాడు. అక్కడి నిర్వాహకులు గామా ఎత్తు చూసి పోటీలో చేర్చుకోవడానికి ఇష్టపడలేదు. అప్పుడు గామా ఏ బరువు వాళ్ళయినా సరే ముగ్గురిని అరగంటలో పడగొడతానని బహిరంగంగా సవాలు చేశాడు. చాలామంది దాన్ని వట్టి గొప్పలుగా కొట్టిపారేశారు. చివరికి అమెరికా మల్లుడు బెంజమిన్ రోలర్ ముందుకు వచ్చాడు. రోలర్ చదువుకున్న డాక్టరు కూడా. గామా అతన్ని మొదటిసారి రెండు నిమిషాల లోపు, రెండోసారి పది నిమిషాల లోపు పడగొట్టాడు. దాంతో దారి తెరుచుకుంది.

1910 సెప్టెంబరు 10న పోలండుకు చెందిన స్టానిస్లాస్ జిబిస్కోతో పోటీ జరిగింది. బహుమతి 250 పౌన్లు, జాన్ బుల్ బెల్టు. జిబిస్కో ఎత్తు గామా అంతే. బరువు మాత్రం ఆయన కంటే 20 కిలోలకు పైగా ఎక్కువ. మొదటి నిమిషంలోనే గామా అతన్ని కిందికి లాగాడు. ఆ తరువాత జిబిస్కో లేవలేదు. చాపను కరుచుకుని ఉండిపోయాడు. రెండు గంటల 35 నిమిషాలు గామా అతన్ని వెల్లకిలా తిప్పాలని చూశాడు, సాధ్యపడలేదు. పోటీ డ్రాగా ముగిసింది. మళ్ళీ పోటీకి సెప్టెంబరు 17 నిర్ణయించారు. ఆ రోజు జిబిస్కో రాలేదు. గామాను విజేతగా ప్రకటించారు.

ఈ పోటీలో మనకొక పాఠం ఉంది. బరువు తూచే యంత్రం అంకె మాత్రమే చూపిస్తుంది. అందులో కండ ఎంత, కొవ్వు ఎంత, ఎముక ఎంత, నీరు ఎంత అని చెప్పదు. జిబిస్కో బరువు ఆ రోజు ఓడిపోకుండా పడి ఉండటానికి పనికొచ్చింది. లేచి గెలవడానికి పనికి రాలేదు. ఏ ఆటకు ఎలాంటి శరీరం కావాలో ఆ ఆటే నిర్ణయిస్తుంది. కుస్తీ పట్టేవాడి శరీరం, పరుగెత్తేవాడి శరీరం ఒక్కటి కావు. ఈవెంట్లలో పరుగు గెలవాల్సిన తమ్ముడు భుజాల మీద అనవసరమైన బరువు పెంచుకుంటే ఆ బరువును చివరి రౌండు దాకా తనే మోయాలి.

స్వదేశం వచ్చాక అలహాబాదులో గామా తన చిరకాల ప్రత్యర్థి రహీం బక్ష్ సుల్తానీవాలాతో తలపడ్డాడు. దాదాపు ఏడడుగులని చెప్పుకునే ఆ మహాకాయుణ్ణి గామా తన పదిహేడో ఏట నుంచీ ఎదుర్కొంటూ వచ్చాడు. అంతకు ముందు తేలని పోటీ ఈసారి తేలింది. గామా గెలిచాడు.

జిబిస్కోతో లెక్క 1928 జనవరిలో తీరింది. పాటియాలా మహారాజు భూపీందర్ సింగ్ ఆధ్వర్యంలో ఇద్దరికీ మళ్ళీ పోటీ ఏర్పాటయింది. సుమారు 40 వేల మంది చూడటానికి వచ్చారని చెబుతారు. అప్పటికి గామాకు యాభై ఏళ్ళు దగ్గరపడ్డాయి. జిబిస్కోదీ ఇంచుమించు అదే వయసు. పోటీ నిమిషం కూడా సాగలేదు. గామా అతన్ని వెల్లకిలా వేశాడు. ఇరవై ఏళ్ళ కండ అందరికీ ఉంటుంది. యాభై ఏళ్ళ దాకా దాన్ని నిలబెట్టుకోవడంలోనే గామా రోజువారీ క్రమశిక్షణ కనిపిస్తుంది.

పెట్టిన చేతులు

గామాను పెంచింది ఎవరని చూస్తే పెద్ద పట్టిక అవుతుంది. తాత, మేనమామ. దతియాలో హిందూ మహారాజు. లండన్ పంపింది బెంగాలీ హిందువు. పాటియాలాలో సిక్కు మహారాజు. ఈ ముస్లిం పహిల్వాను కంచంలో అందరి గింజలూ ఉన్నాయి.

1947లో దేశ విభజన జరిగింది. పంజాబు రెండు ముక్కలై నెత్తురు పారింది. అప్పుడు గామా లాహోరులో మోహినీ రోడ్డు ప్రాంతంలో ఉన్నాడు. ఆ వీధిలో హిందూ కుటుంబాలు ఉండేవి. వాళ్ళ మీదికి అల్లరి మూకలు వస్తే గామా తన పహిల్వాన్లతో అడ్డంగా నిలబడి వాళ్ళను కాపాడాడు. సరిహద్దు దాటే సమయంలో దారి ఖర్చులకు తన చేతి డబ్బు ఇచ్చి పంపాడని కూడా చెబుతారు. ఆయన గెలిచిన కుస్తీలన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. ఎంతమందో పెట్టిన తిండితో పెరిగిన బలాన్ని ఆయన ఆ రోజు తిరిగి మనుషుల కోసం ఖర్చు పెట్టాడు.

తరువాత కాలం ఆయనకు కలిసి రాలేదు. సంస్థానాలు పోయాయి. వాటితో పాటు పహిల్వాన్లను పోషించే దర్బారు వంటశాలలూ మూతపడ్డాయి. గామా అయిదుగురు కొడుకులూ చిన్న వయసులోనే చనిపోయారు. ఆయనకు గుండె జబ్బు, ఉబ్బసం పట్టుకున్నాయి. మందుల ఖర్చుకు కూడా ఇబ్బంది పడ్డాడు. పాకిస్తాన్ ప్రభుత్వం వైద్యం ఖర్చులకు సాయం చేసింది. ఆయన పరిస్థితి తెలిసి భారతదేశం నుంచి పారిశ్రామికవేత్త జి.డి. బిర్లా 2000 రూపాయలు, ఆపైన నెలకు 300 రూపాయలు పంపే ఏర్పాటు చేశారు. 1960 మే 23న లాహోరులో గామా కన్నుమూశాడు.

ఆయన చనిపోయిన మరుసటి సంవత్సరం, 1961లో, పాటియాలా మహారాజుల పాత మోతీబాగ్ కోటలో భారత ప్రభుత్వం జాతీయ క్రీడా సంస్థను ప్రారంభించింది. ఒకప్పుడు రాజుగారికి నచ్చితే ఒక పహిల్వానుకు తిండి దొరికేది. ఇప్పుడు అదే కోటలో దేశం నలుమూలల పేద ఇళ్ళ పిల్లలు ప్రభుత్వం పెట్టే తిండి తిని శిక్షణ పొందుతున్నారు. రాజుగారి దయ స్థానంలో పౌరుడి హక్కు వచ్చింది. మన సాంఘిక సంక్షేమ హాస్టళ్ళూ ఆ మార్పులో భాగమే.

మన కంచం

ఇది రాస్తుంటే నా సంగతి ఒకటి గుర్తుకు వచ్చింది. మా వంశంలో డిగ్రీ పూర్తి చేసిన మొదటివాణ్ణి నేను. మా ఇంట్లో కందిపప్పు వండిన రోజు పండగ రోజు. రోజూ పప్పు తినవచ్చని నాకు ఆరో తరగతిలో హాస్టల్‌లో చేరాకే తెలిసింది. పప్పు పలచగా వచ్చిన రోజులు లేవని చెప్పను. అయినా ఆ ఏడాది వేసవి సెలవులకు ఇంటికి వెళితే మా అమ్మ నా చొక్కా బిగుతైందని చూసి సంతోషించింది.

గామా చిన్నప్పటి తిండిలో బాదం ఉందని విని మన కంచాన్ని తక్కువగా చూడకండి. వంద గ్రాముల బాదంలో మాంసకృత్తులు సుమారు 21 గ్రాములు. వంద గ్రాముల వేరుశెనగ పప్పులో 25 గ్రాములు. మన పల్లీలే ఒక పిసరు ఎక్కువ. ఆటగాళ్ళకు శరీర బరువులో కిలోకు రోజుకు 1.2 నుంచి 2 గ్రాముల మాంసకృత్తులు కావాలని ఇప్పటి క్రీడా పోషకాహార నిపుణులు చెబుతారు. 60 కిలోల తమ్ముడికి కనీసం 72 గ్రాములు. రోజు మొత్తం మీద 400 గ్రాముల బియ్యంలో 28, 80 గ్రాముల కందిపప్పులో 18, రెండు గుడ్లలో 12, ఒక గ్లాసు పాలలో 6, గుప్పెడు అంటే 50 గ్రాముల పల్లీల్లో 12. కూడితే 76 అయింది. ఇందులో డబ్బా ఎక్కడా లేదు.

కాస్మెటిక్ ఛార్జీల డబ్బు దాచి పౌడరు డబ్బాలు కొంటున్న తమ్ముళ్ళను చూశాను. ఉదయం ఉప్మా వదిలేసి ఆ పౌడరు కలుపుకుని తాగి మైదానానికి వెళతారు. అంతకంటే భయపెట్టే సంగతి ఇంజెక్షన్లు. తొందరగా కండ రావాలని వాడే స్టెరాయిడ్లు గుండెను, కాలేయాన్ని దెబ్బ తీస్తాయి, సంతాన సామర్థ్యాన్ని తగ్గిస్తాయి. ఇంకా ఎదిగే వయసులో ఉన్న పిల్లలకు ఎత్తు పెరగడం ఆగిపోతుంది. ఎవరైనా అలాంటి మందు ఇస్తామంటే వార్డెన్ సారుకో, డాక్టరుకో చెప్పండి. సెలెక్షన్ ఈసారి పోతే వచ్చే నోటిఫికేషన్ ఉంటుంది. గుండె పోతే మరొకటి రాదు.

పెద్ద తరగతుల తమ్ముళ్ళకు ఒక మాట. మెనూలో రాసిన గుడ్డు, పాలు, పప్పు మీ కంచంలోకి వస్తున్నాయో లేదో మీరే చూడాలి. మెస్ కమిటీలో కూర్చోవడానికి సిగ్గుపడకండి. లెక్క అడగడం గొడవ పెట్టుకోవడం కాదు. మీరు అడిగితే ఆ పూట ఆరో తరగతి పిల్లవాడి కంచం కూడా నిండుతుంది. వాడిలో ఏ ఆటగాడు దాగి ఉన్నాడో, ఏ డాక్టరు ఉన్నాడో మనకు తెలియదు. జోధ్‌పూర్‌లో ఆ పదేళ్ళ పిల్లవాణ్ణి గుర్తించి తిండి పెట్టేవాళ్ళు లేకపోయి ఉంటే ప్రపంచానికి గామా ఉండేవాడు కాడు.

ఉద్యోగాల్లో ఉన్న అన్నలకు నా విన్నపం. ఏడాదికి ఒకసారి వార్షికోత్సవానికి వచ్చినప్పుడు మీటింగు అయ్యాక మెస్‌లో పిల్లలతో కలిసి బంతిలో కూర్చుని ఒక పూట తినండి. ఆ పూట తింటే పిల్లలకు ఏం తక్కువైందో మీకే తెలుస్తుంది. వీలైతే పరుగుకు వెళ్ళే పిల్లలకు నెలకో బస్తా పల్లీలు ఇప్పించండి. అంతకంటే పెద్ద సన్మానం ఈ హాస్టల్‌కు అక్కరలేదు.

రానున్న సెలెక్షన్లకు వెళుతున్న తమ్ముళ్ళందరికీ శుభాకాంక్షలు. కడుపునిండా తినండి, చెమటోడ్చండి, గెలిచి రండి.

– ఎం.ఏ. (చరిత్ర) ద్వితీయ సంవత్సరం, ఈ హాస్టల్ పూర్వ విద్యార్థి